స్టాంపు పడినంత మాత్రాన హక్కు పుట్టదు

"రిజిస్ట్రేషన్ అయిపోయిందిగా, ఇంకేం భయం?" ఇల్లు కొన్నవాళ్లకు మన దగ్గర మొట్టమొదట దొరికే భరోసా ఇదే. బ్రోకరు అంటాడు, డాక్యుమెంట్ రైటరు అంటాడు, పెదనాన్న అంటాడు, బ్యాంకులో పనిచేసే తోడల్లుడూ అంటాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు దిగుతూ స్వీటు పంచేది ఆ ధైర్యంతోనే. ఆ ధైర్యానికి చట్టంలో పునాది లేదు. జీవితకాలపు సంపాదన మొత్తాన్ని ఒక్క సంతకంతో ధారపోసే మధ్యతరగతి మనిషికి ఇంతకన్నా ప్రమాదకరమైన అపోహ మరొకటి లేదని, ఆస్తి కాగితాలు చదవడమే పనిగా బతుకుతున్నవాడిగా గట్టిగా చెప్పగలను.

సబ్ రిజిస్ట్రార్ చేసే పనేమిటో ముందు తేల్చుకుందాం. రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. దస్తావేజు మీద సంతకం పెట్టింది ఆ మనిషేనా, తానే పెట్టానని ఒప్పుకుంటున్నాడా, ఆస్తిని గుర్తుపట్టేలా షెడ్యూలు రాశారా, స్టాంపు సరిపోయిందా, రాసుకున్న నాలుగు నెలల్లోపు తెచ్చారా అన్నవి ఆయన చూస్తాడు. వేలిముద్రలు తీసుకుంటాడు, ఫొటో దింపుతాడు, నంబరు వేస్తాడు. అమ్ముతున్నవాడికి ఆ ఆస్తి మీద అసలు హక్కుందా అని విచారించే అధికారం చట్టం ఆయనకు ఇవ్వలేదు.

ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు. తమిళనాడు ప్రభుత్వం తన రిజిస్ట్రేషన్ రూల్సులో 55ఏ అనే నిబంధన పెట్టి, ఆస్తి తనకెలా వచ్చిందో చూపే పాత దస్తావేజు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తేకపోతే అమ్మకాన్ని రిజిస్టర్ చేయొద్దంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అమ్మేవాడికి హక్కు లేకపోయినా సరే, లాంఛనాలన్నీ పూర్తయితే దస్తావేజును రిజిస్టర్ చేయకుండా ఆపే వీలు ఆ అధికారికి లేదని తేల్చి చెప్పింది. అదే ఏడాది నవంబర్‌లో బీహార్ వంతు వచ్చింది. రెవెన్యూ రికార్డులో పేరు మారినట్టు రుజువు చూపితేనే రిజిస్టర్ చేస్తామన్న అక్కడి రూల్సు కూడా నిలవలేదు. మన దేశంలో రిజిస్టరైన పత్రం హక్కుకు ఒక ఆధారమే తప్ప హామీ కాదని, దాన్ని ఎవరైనా సవాలు చేయవచ్చని ఆ తీర్పు మళ్లీ గుర్తుచేసింది. రెండు రాష్ట్రాలు సబ్ రిజిస్ట్రార్ల చేత హక్కులు పరీక్షింపజేయాలని చూస్తే, ఉన్న చట్టం ప్రకారం అది కుదరదని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. ఇక మన బంధువులు ఇచ్చే భరోసాకు విలువెంత?

ఇంకా నమ్మకం కుదరనివాళ్లు ఒక్క విషయం ఆలోచించాలి. ఒకే ప్లాటును ఒకే మనిషి ఇద్దరికి అమ్మాడు. రెండూ రిజిస్టరయ్యాయి. రిజిస్ట్రేషనే హక్కునిస్తే ఇద్దరూ యజమానులు కావాలి. చట్టం మాత్రం మొదటివాడికే హక్కంటుంది. ఎందుకంటే మొదటి అమ్మకంతో అమ్మినవాడి చేయి ఖాళీ అయింది. రెండోవాడికి ఇవ్వడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. అలాగే మన ఉమ్మడి రాష్ట్రంలో ఒకప్పుడు, అమ్మినవాడు ఒక్కడే వెళ్లి, కొన్నవాడికి చెప్పకుండా ఆ అమ్మకాన్ని రద్దు చేస్తూ ఇంకో దస్తావేజు రిజిస్టర్ చేయించేవాడు. అలాంటి కేసు ఒకటి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఏకపక్ష రద్దు చెల్లదని 2010లో తీర్పు వచ్చింది. ఆ రద్దు పత్రానికీ నంబరు ఉంది, స్టాంపు ఉంది, సబ్ రిజిస్ట్రార్ సంతకం ఉంది. అయినా అది చిత్తుకాగితమే అయింది.

మరి ఈ అపోహ ఎక్కణ్నుంచి పుట్టింది? ఒక నిజాన్ని తలకిందులు చేయడం నుంచి పుట్టింది. వంద రూపాయలు, అంతకుమించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టర్ చేయాల్సిన పత్రాన్ని చేయకపోతే దాంతో హక్కు మారదని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ చెబుతోంది. నోటరీ కాగితాల మీద, సాదాబైనామాల మీద, జీపీఏల మీద ఇళ్లూ స్థలాలూ చేతులు మారడం మన దగ్గర విపరీతంగా ఉండేది, ఇంకా ఉంది. అలాంటి జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక పత్రికలు, లాయర్లు, అధికారులు అందరూ కలిసి "రిజిస్ట్రేషన్ చేయించుకోండి" అని జనానికి నూరిపోశారు. మంచి పనే. కానీ రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కు రాదన్న మాట, జనం చెవిలో పడేసరికి రిజిస్ట్రేషన్ ఉంటే హక్కు వచ్చేసినట్టే అన్న మాటగా మారిపోయింది. మొదటిది చట్టం. రెండోది చట్టంలో ఎక్కడా లేదు. అమ్మేవాడికి ఉన్నదేదో అదే కొన్నవాడికి వస్తుంది, అంతకన్నా గవ్వంత కూడా ఎక్కువ రాదు. దస్తావేజు ఎంత శుభ్రంగా రాసినా ఈ సూత్రం మారదు.

ఇది కాగితం మీద ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూద్దాం. ఏ జిల్లా కేంద్రంలోనైనా తరచూ ఎదురయ్యే అమ్మకం ఇది. తండ్రి తన జీతంతో 1970లలో కట్టించిన పెంకుటిల్లు. వీలునామా రాయకుండా ఆయన కాలం చేశాడు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురికి పెళ్లయి వేరే ఊళ్లో ఉంటుంది. కొడుకులిద్దరూ ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఎమ్మార్వో ఆఫీసు నుంచి తెచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు, కొడుకుల పేర్లు ఉన్నాయి. కూతురి పేరు లేదు. దస్తావేజులో మామూలుగా రాసే మాటలే రాశారు: ఆస్తి మా పిత్రార్జితమనీ, మేమే వారసులమనీ, ఇతరులకు ఎట్టి హక్కులూ లేవనీ, ఏ చిక్కులు వచ్చినా మా సొంత ఖర్చులతో పరిష్కరిస్తామనీ, ఇది మొదలు దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో మీరు అనుభవించవచ్చుననీ. కొడుకులు సంతకాలు చేశారు. తల్లికి ఒంట్లో బాగాలేదని తీసుకురాలేదు. సబ్ రిజిస్ట్రార్ ఏ తప్పూ చేయకుండా రిజిస్టర్ చేశాడు.

కొన్నవాడికి ఏం వచ్చింది? సగం ఇల్లు. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చినప్పటి నుంచీ, వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. అంటే ఈ ఇంట్లో ఒక్కొక్కరిది నాలుగోవంతు. "ఆడపిల్లకు వాటా 2005లో కదా వచ్చింది, ఆ ముసలాయన అంతకుముందే పోయాడు" అని కొన్నవాడి బామ్మర్ది వాదిస్తాడు. 2005 నాటి సవరణ పుట్టుకతో వచ్చే ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి. దానికి 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన అమ్మకాల మినహాయింపు ఉంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అయితే అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కును 1985 సెప్టెంబర్ నుంచే ఇచ్చింది. 2020లో సుప్రీంకోర్టు, సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని కూడా చెప్పేసింది. వీటిలో ఏదీ మన పెంకుటింటి కేసుకు పనికిరాదు. అక్కడ కూతురి వాటా ఎన్నడో స్థిరపడిపోయింది. ఆమె సంతకం లేకుండా ఆమె వాటా ఎవరికీ పోదు. కట్నం కింద ఏదో ఇచ్చాంలే అన్న మాట ఆ వాటాను తుడిచేయలేదు. రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ అయినా ఉండాలి, లేదా ఆమె కూడా వచ్చి సంతకం పెట్టాలి.

కొన్నవాడు ఆ సగంలోనైనా కాపురం పెట్టగలడా? పెట్టలేడు. ఆస్తి బదలాయింపు చట్టం 44వ సెక్షన్ రెండో పేరా చదివినవాళ్లు మన ఊళ్లలో ఎందరుంటారో గానీ, పంపకాలు కాని కుటుంబపు నివాస గృహంలో వాటా కొన్న బయటివాడికి ఆ కుటుంబంతో కలిసి ఇంట్లో ఉండే హక్కు లేదని అది చెబుతోంది. అతను చేయగలిగింది పార్టిషన్ దావా. అది వేశాడే అనుకోండి, 1893 నాటి పార్టిషన్ చట్టం నాలుగో సెక్షన్ కింద ఆ కూతురో తల్లో కోర్టు కట్టిన ధరకు అతని వాటాను తామే కొనేస్తామని అడగవచ్చు. మొత్తం ఇంటికి డబ్బు కట్టి, స్టాంపు డ్యూటీ కట్టి, గృహప్రవేశం చేసుకున్న మనిషి చివరికి ఆ ఇంటి నుంచే బయటికి నడవాల్సి వస్తుంది. వారసుల్లో మైనర్ ఉంటే సమస్య ఇంకో మెట్టు ఎక్కుతుంది. కోర్టు అనుమతి లేకుండా తండ్రో తల్లో అమ్మిన మైనర్ వాటాను, ఆ పిల్లవాడు మేజరయ్యాక మూడేళ్లలోపు తిరగదోడవచ్చు.

"చిక్కులొస్తే మేం చూసుకుంటామని రాసిచ్చారుగా!" అన్నది తర్వాతి ధీమా. రాసివ్వకపోయినా చట్టం అమ్మేవాడి నెత్తిన ఆ బాధ్యత పెడుతుంది. కానీ ఆ బాధ్యత అతని మీద వేసే డబ్బు దావా వరకే. అప్పటికి అతని దగ్గర డబ్బుందా, అసలు ఎక్కడున్నాడు అన్నవి వేరే ప్రశ్నలు. వీటికన్నా ఘోరమైనది ఇంకొకటి ఉంది, దాని గురించి మనం నోరు విప్పం. అరవై లక్షలకు కొన్న ఇంటిని సర్కారు విలువ ముప్పై లక్షలని దస్తావేజులో రాయించుకుంటాం. మిగతా ముప్పై లక్షలు నోట్ల కట్టలుగా చేతులు మారతాయి. స్టాంపు డ్యూటీ మిగిలిందని సంతోషిస్తాం. రేపు హక్కు లేదని తేలి డబ్బు వాపసు అడగాల్సి వస్తే కోర్టు ముందు ఉండేది ఆ ముప్పై లక్షల కాగితమే. మిగిలిన సగానికి సాక్ష్యమేదని అడిగితే, పన్ను ఎగ్గొట్టానని మనమే ఒప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ మీద అంత గుడ్డినమ్మకం లేకపోతే ఎవరైనా తమ ఏకైక రక్షణను ఇలా సగానికి కోసుకుంటారా?

భూమి దగ్గరికొస్తే పరిస్థితి ఇంకా దారుణం. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆ అమ్మకం చెల్లదు, భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2023లో ఇరవై ఏళ్లు దాటిన కొన్ని అసైన్‌మెంట్లకు సడలింపు ఇచ్చింది గానీ, ఆ షరతులు తన స్థలానికి వర్తిస్తాయో లేదో కొనేవాడే తేల్చుకోవాలి. 1977 తర్వాత కూడా అసైన్డ్ భూములు లేఅవుట్లయ్యాయి, ప్లాట్లయ్యాయి, గజాల లెక్కన అమ్ముడయ్యాయి. ఎన్నో రిజిస్టర్ కూడా అయ్యాయి. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిబంధనకు కొత్త రూపమిచ్చి, నిషేధిత జాబితాలు తయారుచేసి, ఆ సర్వే నంబర్లను సబ్ రిజిస్ట్రార్లకు పంపడం మొదలయ్యాకే ఎంతోమందికి తమ ప్లాటు చరిత్ర తెలిసింది. ఆ జాబితాలైనా నిర్దుష్టమా అంటే, తప్పుగా చేరినవాటి గురించి కోర్టులకు ఎక్కినవారి సంఖ్య తక్కువ కాదు. 2015 డిసెంబర్‌లో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ జాబితాల తయారీకి పద్ధతి చెప్పాల్సి వచ్చింది. జాబితాలో మీ నంబరు లేదంటే అమ్మకానికి అడ్డు లేదన్నంత వరకే అర్థం. భూమి స్వచ్ఛమైనదన్న సర్టిఫికెట్ కాదు.

చెరువుల సంగతి చూడండి. 2024 జులైలో హైదరాబాద్‌లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో ఉన్న కట్టడాలను కూల్చడం మొదలుపెట్టినప్పుడు, చేతిలో రిజిస్టర్డ్ పత్రాలు పట్టుకుని ఏడుస్తున్న మనుషులను టీవీల్లో చూశాం. వాళ్లను అత్యాశపరులని తిట్టినవాళ్లూ ఉన్నారు. నాకు ఆ తిట్టు అన్యాయంగా తోచింది. ప్రభుత్వ కార్యాలయంలో కూర్చోబెట్టి, ప్రభుత్వానికి డబ్బు కట్టించుకుని, ప్రభుత్వ ముద్ర వేసి ఇచ్చిన కాగితం అది. దాన్ని నమ్మడం అత్యాశ ఎలా అవుతుంది? దాని మీద అంత బరువు పెట్టకూడదని ఎవరూ వాళ్లకు చెప్పకపోవడమే నేరం.

"ఈసీ తీశాం, క్లియర్‌గా ఉంది" అనే మాట రిజిస్ట్రేషన్ మూఢనమ్మకానికి తోబుట్టువు. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. ఆన్‌లైన్‌లో దొరికేది మామూలుగా 1983 నుంచి. అంతకు ముందువి ఆఫీసులో పాత సంపుటాలు తిప్పించి రాయించుకోవాలి. ఆ ఓపిక చాలామందికి ఉండదు. రిజిస్టర్ కాని వీలునామా ఈసీలో ఉండదు. నోటిమాటగా జరిగిన కుటుంబ పంపకాలు ఉండవు. పత్రాలు బ్యాంకులో కుదువబెట్టి తెచ్చిన అప్పు, దానికి మెమోరాండం రిజిస్టర్ చేయకపోతే, ఉండదు. వారసులెందరో ఉండదు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఆ ఆస్తి మీద నడుస్తున్న దావా ఉండదు. ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ ప్రకారం, హక్కు మీద దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. దావా సంగతి తనకు తెలియదంటే కుదరదు. అంటే మీకు తెలియని కేసులో, మీరు లేని కోర్టులో, మీ ఇంటి మీద తీర్పు రావచ్చు. ఆ తీర్పు మీకూ వర్తిస్తుంది.

ఇక బ్యాంకు లోను. "అంత పెద్ద బ్యాంకు లోనిచ్చింది, వాళ్ల లాయరు చూడకుండానే ఇస్తారా?" చూస్తాడు. తనకు ఫీజిచ్చే బ్యాంకు కోసం చూస్తాడు. ఆ లీగల్ ఒపీనియన్ మీకు ఇచ్చింది కాదు, చాలాసార్లు మీ కంటికి కూడా కనపడదు. ఇల్లు పోయినా మీ జీతం, మీ గ్యారంటీదారుడి సంతకం బ్యాంకు చేతిలో ఉంటాయి, వాయిదాలు ఆగవు. మ్యుటేషన్, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకునే రికార్డు హక్కును పుట్టించదని సుప్రీంకోర్టు చెప్పీ చెప్పీ అలిసిపోయింది. ఎల్ఆర్ఎస్ కట్టినవాళ్లకూ ఇదే మాట. 2020లో తెలంగాణలో లక్షలాది మంది వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నది అనుమతిలేని లేఅవుట్‌ను క్రమబద్ధం చేసుకోవడానికే. ప్లాటు ఎవరిదన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

హైదరాబాద్ చుట్టూ భూములు కొనేవాళ్లు 2025 మేలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పును తప్పక తెలుసుకోవాలి. అది రాయదుర్గం పన్మక్తా భూముల కేసు. మూలం 1982 నాటి రిజిస్టర్ కాని ఒక ఒప్పందం. దాన్ని దశాబ్దాల తర్వాత క్రమబద్ధం చేయించుకున్నామన్న పత్రం, దాని మీద పుట్టిన రిజిస్టర్డ్ అమ్మకాలు. పునాదిలో హక్కు లేనప్పుడు పైన ఎన్ని రిజిస్టర్డ్ దస్తావేజులు పేర్చినా హక్కు రాదని కోర్టు తేల్చింది. మన ప్రాంతంలో ఈ ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. జాగీర్లు, ఇనాములు, వక్ఫ్, దేవాదాయం, భూదాన్, సీలింగు మిగులు ఇలా ఒకే సర్వే నంబరుకు ఎన్నో చరిత్రలు. అందుకే తెలంగాణలో పని తెలిసిన లాయరు పాత రెవెన్యూ రికార్డులైన 1954-55 ఖాస్రా పహాణీ అడుగుతాడు, సేత్వార్ అడుగుతాడు. భూరికార్డుల పోర్టల్ ధరణి 2020లో వచ్చింది, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినంత మాత్రాన ఆ భూమికి వెనుక జరిగింది మారదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇంకా స్పష్టం. 2022లో అక్కడి శాసనసభ ల్యాండ్ టైట్లింగ్ చట్టం చేసింది. రికార్డులో ఎవరి పేరుంటే హక్కు వారిదేనని రాజ్యమే హామీ ఇచ్చే పద్ధతి తేవాలన్నది ఉద్దేశం. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టోరెన్స్ మొదలుపెట్టిన విధానానికి ఇది వారసత్వం. హక్కుల వివాదాన్ని సివిల్ కోర్టు నుంచి తీసి అధికారుల చేతుల్లో పెట్టడం మీద వచ్చిన భయాలు నిజమైనవే. 2024 ఎన్నికల్లో అది పెద్ద గొడవైంది, కొత్త ప్రభుత్వం వస్తూనే రద్దు చేసింది. ఆ చర్చలో వేదికలెక్కి "మా దగ్గర రిజిస్టర్డ్ పత్రాలున్నాయి, మాకు కొత్తగా టైటిల్ ఎవరివ్వాలి?" అన్నవాళ్లను విన్నాను. టైటిల్ హామీ చట్టం కావాల్సి వచ్చిందే ఇప్పుడున్న రిజిస్ట్రేషన్ ఆ హామీ ఇవ్వదు కాబట్టి. చట్టం పోయింది. కొనేవాడి హక్కుకు ఎవరు పూచీ అన్న ప్రశ్న ఎక్కడిదక్కడే ఉండిపోయింది, దాన్ని మళ్లీ ఎత్తినవాళ్లు లేరు.

నేనిలా మాట్లాడితే వెంటనే వచ్చే ఎదురు మాట ఒకటుంది. "ఇన్ని చూస్తూ కూర్చుంటే ఎవరూ ఇల్లు కొనలేరండీ. అందరూ కొంటున్నారు, అందరూ బాగానే ఉన్నారు." బాగాలేనివాళ్లు గృహప్రవేశాలకు వచ్చి తమ కథ చెప్పరు, వాళ్లు సివిల్ కోర్టు వరండాల్లో ఉంటారు. ఖర్చు మాటకొస్తే, రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది. అరవై లక్షలు పూర్తిగా రాస్తే నాలుగున్నర లక్షలు. బ్రోకరు కమీషన్ దాని మీద. కాగితాలు చదివే లాయరుకు అందులో చిన్న భాగం ఇవ్వడానికి మాత్రం బేరమాడతాం, లేదా అమ్మేవాడి లాయరు దగ్గరే చదివించుకుంటాం. లాయరు మీ మనిషై ఉండాలి. ముప్పై ఏళ్లకు తక్కువ కాకుండా లింకు డాక్యుమెంట్లు అసలువే చూడాలి, జిరాక్సులు కావు. ఎవరైనా చనిపోయిన చోట వంశవృక్షం గీయించి, కూతుళ్ల పేర్లు అడిగి, వాళ్లతో ఒకసారి మాట్లాడాలి. హద్దులు కొలిపించాలి, పక్కింటివాళ్లను పలకరించాలి. ఆ పక్కింటి ముసలాయనకు తెలిసినంత ఏ ఈసీకీ తెలియదు. ఈ-కోర్ట్స్‌లో అమ్మేవాళ్ల పేర్లతో వెతకాలి, తాకట్ల రిజిస్ట్రీ అయిన సెర్సాయ్‌లో చూడాలి, పత్రికలో పబ్లిక్ నోటీసు ఇవ్వాలి. పబ్లిక్ నోటీసు అనగానే అమ్మేవాడు మొహం మాడ్చుకుంటే, బయానా ఇవ్వకముందే ఆగిపోవడానికి అదే చాలిన కారణం. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి తమ్ముడికి పవరిచ్చి ప్లాట్లు కొనే మనవాళ్లకు ఇదంతా రెండింతలు అవసరం, ఎందుకంటే వాళ్ల పేరు మీద నకిలీ మనిషిని నిలబెట్టి అమ్మేసే దొంగలకు యజమాని దూరంగా ఉండటమే పెట్టుబడి.

అపార్ట్‌మెంటు కొనేవాళ్లకు కనీసం ఒక చట్టం అండగా ఉంది, దాన్నీ రిజిస్ట్రేషన్ భ్రమే మింగేస్తోంది. రెరా 2016 ప్రకారం రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. రెరాలో నమోదు కాకముందు అమ్మకానికి పెట్టకూడదు. హైదరాబాద్‌లో ప్రీ లాంచ్ పేరుతో జరిగేది సరిగ్గా ఈ రెండింటికీ విరుద్ధం, అయినా "యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేసిస్తాం సార్" అనగానే లక్షలు పోస్తున్నారు. కట్టడానికి అనుమతే లేని స్థలంలో కొన్ని గజాల అవిభాజ్య వాటా రిజిస్టరైతే ఫ్లాటు వచ్చినట్టా? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా కరెంటు, నీళ్ల కనెక్షన్లు, బ్యాంకు రుణాలు ఇవ్వొద్దని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కొనేవాడు కూడా అది చూడాలి. రెరాలో జనానికి తెలియని ఆయుధం 18వ సెక్షన్ రెండో ఉపవిభాగం. స్థలం హక్కులో లోపం వల్ల కొన్నవాడికి నష్టం వస్తే బిల్డరు పరిహారమివ్వాలి, దానికి కాలపరిమితి అడ్డు రాదు. పార్లమెంటు ఇలా రాసిందంటే రిజిస్టరైన ఫ్లాటుకూ హక్కులో లోపముండొచ్చని తెలిసే రాసింది.

"సర్కారు ఏడున్నర శాతం తీసుకుంది కదా, మరి దాని బాధ్యతేమిటి?" అని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. ఆ కోపం న్యాయమైనది. కానీ ఆ కోపం వెనుక రిజిస్ట్రేషన్ మనల్ని కాపాడుతుందన్న నమ్మకం ఉన్నంతకాలం ప్రభుత్వాలకు హాయి. కొన్నవాడు మోసపోతే అతని ఖర్మ, స్టాంపు ఆదాయం మాత్రం ఖజానాకు. ఆ కోపాన్ని డిమాండుగా మార్చాలి. ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, ప్రతి దస్తావేజు మొదటి పేజీ మీద, ఈ నమోదు హక్కుకు హామీ కాదని తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి. రెరా 16వ సెక్షన్‌లో ఉన్న టైటిల్ ఇన్సూరెన్స్ రాష్ట్రం నోటిఫై చేస్తేనే అమల్లోకి వస్తుంది, ఆ నోటిఫికేషన్ అడగాలి. ఈసీ తీస్తే అదే కాగితం మీద ఆ సర్వే నంబరు 22ఏలో ఉందా, ఎఫ్‌టీఎల్‌లో ఉందా అన్నది కూడా కనిపించాలి. ఆ వివరాలన్నీ ప్రభుత్వం దగ్గరే వేర్వేరు బీరువాల్లో ఉన్నాయి.

అన్నింటికన్నా ముందు చేయదగ్గది నడుస్తున్న దావాల నమోదు. ఆస్తి మీద దావా వేసినవాడు ఆ సంగతి రిజిస్టర్ చేయిస్తేనే 52వ సెక్షన్ రక్షణ దొరికేలా మహారాష్ట్ర, గుజరాత్‌లు ఎప్పుడో సవరణ చేసుకున్నాయి. 1939లో బొంబాయి ప్రావిన్సు వేసిన బాట అది. అక్కడ వెతికితే కేసు కనిపిస్తుంది, కనిపించకపోతే కొన్నవాడికి రక్షణ ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ఏర్పాటు లేదు. హైదరాబాద్, అమరావతిలలో శాసనసభలు తలచుకుంటే ఒక్క సమావేశంలో చేయగల సవరణ ఇది.